పట్టు రాని వారం

పట్టు రాలేదని షావుకారు కబురు పెట్టిన వారం
మా మగ్గం ఖాళీ.
నీలాద్రి రెండు రోజులు
గుంటలో కాళ్ళు వేలాడేసి ఊరికే కూర్చున్నాడు.
మూడోరోజు గంజాం నుంచి సూరాడ కామయ్య దిగాడు,
కూతురి పెళ్ళిచీర బాకీ ఇంకా పదిహేను వందలు.
"డబ్బు నేదొదినా. పడవుంది.
నాలుగు దినాలు మీదే."

ముప్ఫయ్యేళ్ళ కాపురంలో
పనిలేని ప్రయాణం ఇదే మొదలు.
బొంత, కిరసనాయిలు స్టవ్వు, ముఢి డబ్బా,
బరంపురం అప్పడాలు ఒక కట్ట.
అప్పడాలు ఎందుకని అడగలేదు నీలాద్రి,
నూనె తెచ్చావా అని అడిగాడు.
తేలేదు.

పాలూరు కాలువలో నీళ్ళు
నడుస్తున్నాయో నిలబడ్డాయో తెలీదు.
"సుక్కాని ఎడంకి తోస్తే పడవ కుడికెల్తాది, అంతే"
అని చెప్పి కామయ్య దిగిపోయాడు,
వలలకి వేళైందట.
అంతే అన్నది అంత తేలిక కాదు.
మొదటిపూట మూడుసార్లు గట్టును గుద్దాం,
మూడోసారి మేకలు కూడా పక్కకి తప్పుకోలేదు,
అలవాటైపోయాం వాటికి.

కట్టెలమోపు ఎత్తుకున్న ఒకావిడ
గట్టు మీద మమ్మల్ని దాటిపోయింది.
కల్వర్టు దగ్గర మోపు దించి,
అలుపు తీర్చుకుని, మేం వచ్చేదాకా ఉండి
"కుఆడే జాఉఛొ?" అని అడిగింది.
ఎక్కడికో మేమూ అనుకోలేదు.
"ముందుకి" అన్నాను తెలుగులో.
నవ్వి, మళ్ళీ దాటిపోయింది.

రాత్రి మొగలి మొదలుకి తాడు కట్టాం.
దూరంగా మద్రాసు వైపు రైలు
కిటికీల దండలా వెలిగి ఆరింది.
తర్వాత పలక కింద నీళ్ళు, కప్పలు,
ఎవరో మింగుతున్నట్టు ఒక చప్పుడు.
మా వీధిలో మగ్గాలు ఒకటి ఆగితే ఇంకొకటి అందుకుంటుంది;
ఇక్కడ అందుకునేది లేదు.
నా వేళ్ళు చీకట్లో కండె చుడుతూనే ఉన్నాయి.
దేనికి చుడుతున్నాయో వాటికే తెలీదు.

రెండోరోజు గుర్రపుడెక్క.
కాలువ కనపడనంత పచ్చ, పైన ఊదాపూలు.
నీలాద్రి మొలలోతు దిగి కొడవలితో కోశాడు,
నేను పైనుంచి సలహాలు కోశాను.
జలగ పట్టింది పిక్కకి.
ఆ జలగ నాదే తప్పన్నాడు.
గంటసేపు మాట్లాడుకోలేదు.
పన్నెండడుగుల పడవలో
గంటసేపు మాట్లాడుకోకపోవడమంటే
ఇద్దరూ కలిసి, ఒళ్ళు దగ్గరపెట్టుకుని చేయాల్సిన పని.

మధ్యాహ్నం బియ్యం కడిగి
వేళ్ళు నోట్లో పెట్టుకున్నాను.
నిన్న చప్పగా ఉన్న నీళ్ళు
ఇవాళ ఉప్పన.
"తెచ్చిన మంచినీళ్ళు తాగడానికి దాచి
అన్నం దీంతోనే వండుతాను,
ఉప్పు వెయ్యక్కర్లేదు" అన్నాను గాలితో.
"సముద్రం దగ్గరపడ్డట్టుంది" అన్నాడు, అదీ గాలితోనే.
గాలి మంచిది, ఇటుదటు అటుదిటు చేర్చింది.
అప్పడం మంట మీద కాల్చాను.
సగం మాడింది. మాడిన సగం అతనే తీసుకున్నాడు.

మూడోరోజు పొద్దెక్కక ముందే
కుడిగట్టు అయిపోయింది.
ఇంకాసేపటికి ఎడమదీ.
చిలికా.
పేరు వింటూనే పెరిగాం, చేపలబుట్టల్లో చూశాం,
ఇంత ఉంటుందని ఎవరూ చెప్పలేదు.
నీటికోళ్ళు వేలకొద్దీ, నల్లగా, గుప్పిట జల్లినట్టు.

నీలాద్రి చుక్కాని వదిలేశాడు.
రెండు చేతులూ చాచి చూశాడు,
బట్ట పన్నా చూసే చూపు.
"అంచే లేదే దీనికి" అన్నాడు,
ఎవరో పని చెడగొట్టినట్టు.
"ఎక్కడ మొదలెడతారు నేయడం?"

నాకు జవాబు రాలేదు.
పడవ దానంతటదే కాస్త తిరిగింది.
బాకీలో ఇంకా ఒకటిన్నర రోజు మిగిలి ఉంది.
అతని పాదాలు మాత్రం
పలక మీద ఒకటి తర్వాత ఒకటి
నెమ్మదిగా నొక్కుతున్నాయి,
కింద తొక్కుడుకర్రలున్నట్టే.